‘గుడ్ బాయ్’ అంటే ఎవరు?

పిల్లలూ! కిందటి నెల మనం నామవాచకాలను గురించి చెప్పుకున్నాం. నామవాచకం అంటే పేరు. ఈ నెల ఆ పేరుకు తోడుగా వచ్చే మాటను గురించి, అనగా విశేషణాన్ని గురించి చెప్పుకుందాం. దీనినే ఇంగ్లీషులో అడ్జెక్టివ్ అంటారు.

“ఓస్, ఇంతేనా! గుడ్, బ్యాడ్, బిగ్, స్మాల్ - ఇవన్నీ మాకు మూడో తరగతిలోనే వచ్చు” అంటారు మీరు. నిజమే. నాకూ వచ్చనే అనుకునేవాణ్ణి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. అయినా విశేషణం చేసే పని ఏమిటో నాకు బాగా తెలిసివచ్చింది పాఠం చెబుతూ కాదు, ఒక పొరపాటు చేసిన మీదట. ముందు ఆ సంగతి చెబుతాను, వినండి.

నేను ఒక మండల కేంద్రంలోని హైస్కూలులో హెడ్మాష్టరుగా ఉండేవాణ్ణి. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే పిల్లలు కాగితాల కోసం నా గది ముందు బారులు తీరేవారు. వాళ్ళలో కొందరికి, “ఈ విద్యార్థి ఎటువంటివాడు?” అన్నదానికి జవాబుగా హెడ్మాష్టరు ఇంగ్లీషులో వ్రాసే ఉత్తరం ఒకటి కావలసివచ్చేది. అటువంటి ఉత్తరానికి నా దగ్గర ఒక వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

“హీ ఈజ్ ఎ గుడ్, ఆనెస్ట్ అండ్ హార్డ్‌వర్కింగ్ బాయ్.”

అంటే, “ఇతడు మంచివాడు, నిజాయితీ గలవాడు, కష్టపడేవాడు” అని అర్థం. ఎవరు వచ్చినా ఇదే వాక్యం వ్రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చేవాణ్ణి. ఆడపిల్ల అయితే ‘హీ’ బదులు ‘షీ’, ‘బాయ్’ బదులు ‘గర్ల్’. అంతే తేడా.

2006 వేసవిలో మా బడి పిల్లలు ముగ్గురు పట్నంలోని ఒక ఉచిత వసతిగృహానికి దరఖాస్తు పెట్టుకున్నారు. అక్కడ చోటు దొరికితే రెండేళ్ళపాటు తిండీ, బసా, ఇంటర్మీడియెట్ చదువూ అన్నీ ఉచితం. అయితే ఉన్నది ఒక్కటే చోటు. ముగ్గురికీ మార్కులు ఇంచుమించు సమానంగా వచ్చాయి. అందుచేత హెడ్మాష్టరు ఉత్తరం చూసి తేల్చుకుందామనుకున్నారు అక్కడివాళ్ళు. తీరా విప్పి చూస్తే మూడు ఉత్తరాలలోనూ ఒకటే వాక్యం! ఇక చేసేది లేక చీట్లు వేసి ఒకరి పేరు తీశారు.

వారం రోజుల తరవాత ఆ ముగ్గురిలో ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. వాడికి తండ్రి లేడు. తల్లి కూలిపనికి పోయేది. వాడు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“ఏరా, చోటు దొరికిందా?” అన్నాను.

“లేదండీ, మాష్టారండీ. చీట్లు వేశారండీ. మా ముగ్గురికీ మీరు ఒకటే వ్రాశారటండీ” అన్నాడు వాడు.

వాడి గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పాడు, అంతే. నాకు నోట మాట రాలేదు. మిగిలిన ఇద్దరూ మంచివాళ్ళే, వీడూ మంచివాడే. నేను వ్రాసినదానిలో అబద్ధం లేదు. కాని వీణ్ణి గురించి నాకు తెలిసిన సంగతులలో ఒక్కటైనా అందులో లేదు.

ఇప్పుడు పాఠంలోకి వద్దాం. మన భాషలో ‘విశేషణం’ అనే మాట సంస్కృతం నుంచి వచ్చింది. ఒకదానిని మిగతా వాటి నుంచి వేరుపరచి చూపేది విశేషణం. ఇంగ్లీషులో ‘అడ్జెక్టివ్’ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. పక్కన చేర్చినది అని దాని అర్థం. ఈ రెండు పేర్లలో మన పేరే దాని పనిని చక్కగా చెబుతుంది. చాలామంది పిల్లలు విశేషణాన్ని పక్కన చేర్చి ఊరుకుంటారు. నేనూ అదే చేశాను. ‘గుడ్’ అనే మాటను ‘బాయ్’ పక్కన చేర్చాను గాని, ఆ అబ్బాయిని మిగతావాళ్ళ నుంచి వేరుపరచి చూపలేదు.

ఆ రాత్రి కూర్చుని కొత్త ఉత్తరం వ్రాశాను. అందులోని ముఖ్యమైన వాక్యాలు ఇవి:

“దిస్ బాయ్ వాక్స్ సిక్స్ కిలోమీటర్స్ టు స్కూల్. ఇన్ త్రీ ఇయర్స్ హీ హాజ్ నాట్ మిస్డ్ ఎ సింగిల్ డే. ఫర్ టూ ఇయర్స్ హీ వాజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ అవర్ లైబ్రరీ, అండ్ నాట్ వన్ బుక్ వాజ్ లాస్ట్. హీ నీడ్స్ లిటిల్ హెల్ప్ ఇన్ మాథమాటిక్స్. హీ ఈజ్ షై, బట్ హిజ్ ఆన్సర్స్ ఆర్ క్లియర్.”

ఈ అబ్బాయి ఆరు కిలోమీటర్లు నడిచి బడికి వస్తాడు. మూడేళ్ళలో ఒక్క రోజైనా మానలేదు. రెండేళ్ళు మా గ్రంథాలయం చూసుకున్నాడు, ఒక్క పుస్తకం కూడా పోలేదు. లెక్కలలో ఇతడికి ఒకరి సహాయం అక్కర లేదనే చెప్పాలి. బిడియస్తుడే గాని జవాబులు స్పష్టంగా చెబుతాడు - ఇదీ దీని అర్థం.

ఇందులో ‘గుడ్’ లేదు, ‘ఆనెస్ట్’ లేదు, ‘హార్డ్‌వర్కింగ్’ లేదు. అయినా చదివినవాళ్ళకు ఆ మూడూ తెలుస్తున్నాయి గదా! ఇంతకూ ఈ ఉత్తరంలో విశేషణాలు ఎన్ని రకాలు ఉన్నాయో లెక్క పెడదాం. పెన్సిలు తీసుకోండి.

విశేషణాలలో రకాలు

‘షై’, ‘క్లియర్’ - ఇవి గుణం చెప్పేవి. “ఎటువంటిది?” అని అడిగితే జవాబుగా వచ్చేవి గుణవాచక విశేషణాలు. రంగు, రుచి, ఆకారం, స్వభావం అన్నీ వీటిలోకే వస్తాయి.

‘సిక్స్’, ‘త్రీ’, ‘టూ’, ‘వన్’ - ఇవి “ఎన్ని?” అన్నదానికి జవాబులు. వీటిని సంఖ్యావాచక విశేషణాలు అంటారు. అంకెలు లెక్కల పుస్తకంలోనే ఉంటాయని అనుకోకండి. “హీ వాక్స్ ఎ లాంగ్ డిస్టెన్స్” అంటే ‘చాలా దూరం నడుస్తాడు’ అని. ఎంత దూరమో ఎవరికి తెలుసు? ‘సిక్స్ కిలోమీటర్స్’ అంటే చదివేవాడి కాళ్ళకే ఆ దూరం తెలుస్తుంది.

‘లిటిల్ హెల్ప్’ అన్నచోట ‘లిటిల్’ అనేది “ఎంత?” అన్నదానికి జవాబు. ఇది పరిమాణవాచక విశేషణం. దీని దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. ‘లిటిల్ వాటర్’ అంటే నీళ్ళు దాదాపు లేనట్టే. ‘ఎ లిటిల్ వాటర్’ అంటే కొద్దిగా ఉన్నాయని. అట్లాగే ‘ఫ్యూ ఫ్రెండ్స్’ అంటే స్నేహితులు ఉన్నారో లేరో అన్నంత తక్కువ. ‘ఎ ఫ్యూ ఫ్రెండ్స్’ అంటే కొందరు స్నేహితులు ఉన్నారని. చూశారా, ముందు ‘ఎ’ అనే చిన్న అక్షరం ఉన్నా లేకున్నా అర్థం ఎంత మారిపోతున్నదో! నేను ఆ ఉత్తరంలో పొరపాటున ‘ఎ లిటిల్ హెల్ప్’ అని వ్రాసి ఉంటే, లెక్కలలో ఆ అబ్బాయికి కొంచెం సహాయం కావలసి ఉంటుందని అర్థమయ్యేది.

‘దిస్ బాయ్’ అన్నచోట ‘దిస్’ అనేది వేలు పెట్టి చూపే మాట. ఇది నిర్దేశక విశేషణం. ‘దట్’, ‘దీజ్’, ‘దోజ్’ అనేవి కూడా ఇటువంటివే.

‘అవర్ లైబ్రరీ’, ‘హిజ్ ఆన్సర్స్’ అన్నచోట ‘అవర్’, ‘హిజ్’ అనేవి ఎవరిదో చెబుతాయి. మై, యువర్, హర్, దెయిర్ కూడా ఈ జాతివే.

ఇక ‘విచ్ బాయ్?’, ‘వాట్ టైమ్?’, ‘హూజ్ పెన్?’ అన్నప్పుడు పేరు ముందు వచ్చే ‘విచ్’, ‘వాట్’, ‘హూజ్’ ప్రశ్నార్థక విశేషణాలు. నా మూడు ఉత్తరాలూ చూసి వసతిగృహంవారు అడుక్కున్న ప్రశ్న కూడా ‘విచ్ బాయ్?’ అన్నదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే తక్కిన విశేషణాలన్నిటి పని.

దేశాల పేర్ల నుంచీ ఊళ్ళ పేర్ల నుంచీ పుట్టిన విశేషణాలు కూడా ఉన్నాయి. ఇండియా నుంచి ‘ఇండియన్’, జపాన్ నుంచి ‘జాపనీస్’. ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు ఇటువంటివి ఎప్పుడూ పెద్ద అక్షరంతో మొదలుకావాలి. ఇది మరచిపోతే మాష్టారు ఎర్ర సిరాతో గీత పెట్టడం ఖాయం.

తెలుగు అలవాటు వల్ల వచ్చే తప్పులు

ముందు ఒక సంతోషకరమైన సంగతి. తెలుగులో ‘మంచి బాలుడు’, ‘మంచి బాలిక’, ‘మంచి పిల్లలు’ అంటాం. ‘మంచి’ అనే మాట ఎక్కడా మారదు. ఇంగ్లీషులో కూడా అంతే. గుడ్ బాయ్, గుడ్ గర్ల్, గుడ్ చిల్డ్రన్. హిందీలో మాత్రం ‘అచ్ఛా లడ్కా’, ‘అచ్ఛీ లడ్కీ’ అని మారుస్తూ పోవాలి. కనుక ఈ విషయంలో ఇంగ్లీషు మనకు సులువే.

కాని ‘దిస్’, ‘దట్’ అనేవి మాత్రం మారతాయి. మనం ‘ఈ పుస్తకం’ అన్నా ‘ఈ పుస్తకాలు’ అన్నా ‘ఈ’ మారదు. అందువల్ల మన పిల్లలు ‘దిస్ బుక్స్’ అని వ్రాస్తూ ఉంటారు. ‘దీజ్ బుక్స్’ అనాలి. అట్లాగే ‘దట్ బుక్’, ‘దోజ్ బుక్స్’.

రెండవది. నీళ్ళు, పాలు అనే మాటలు తెలుగులో బహువచనాలు. ‘నీళ్ళు ఉన్నాయి’, ‘పాలు పొంగాయి’ అంటాం. అందుచేత ఇంగ్లీషులో కూడా ‘హౌ మెనీ మిల్క్?’ అని అడగబుద్ధి అవుతుంది. కాని ఇంగ్లీషువారు పాలనూ, నీళ్ళనూ లెక్కపెట్టరు, కొలుస్తారు. లెక్కపెట్టే వాటికి ‘మెనీ’, కొలిచే వాటికి ‘మచ్’. ‘హౌ మచ్ మిల్క్?’ అనాలి. గ్లాసులు అయితే లెక్కపెట్టవచ్చు గనక ‘హౌ మెనీ గ్లాసెస్ ఆఫ్ మిల్క్?’ అనవచ్చు.

మూడవది. మనకు మాటను రెండుసార్లు పలికే అలవాటు ఉంది. ‘వేడి వేడి ఇడ్లీలు’ అంటే నోరూరుతుంది. ‘పెద్ద పెద్ద ఇళ్ళు’ అంటే వీధి వీధంతా కళ్ళకు కడుతుంది. తెలుగులో ఇది అందమైన పద్ధతి. కాని ఇంగ్లీషులో ‘హాట్ హాట్ ఇడ్లీస్’, ‘బిగ్ బిగ్ హౌసెస్’ అని వ్రాయకూడదు. ‘బిగ్ హౌసెస్’ అంటే చాలు. ఇడ్లీలు మరీ వేడిగా ఉన్నాయని చెప్పాలంటే వాళ్ళకు వేరే మాట ఉంది, ‘పైపింగ్ హాట్’ అని.

నాలుగవది. ఒకసారి తరగతిలో ఒక పిల్లవాడు లేచి, “సార్, ఐ యామ్ బోరింగ్” అన్నాడు. వాడికి విసుగ్గా ఉందని వాడి భావం. కాని వాడు అన్నదానికి అర్థం, ‘నేను ఇతరులకు విసుగు పుట్టిస్తాను’ అని! విసుగు పుట్టించేది ‘బోరింగ్’. విసుగు చెందినవాడు ‘బోర్డ్’. “ఐ యామ్ బోర్డ్, బికాజ్ ది లెసన్ ఈజ్ బోరింగ్” అనాలి. (మాష్టారి ఎదుట అనకుండా ఉంటే ఇంకా మంచిది.) ఇట్లాగే ఆసక్తి పుట్టించే పుస్తకం ‘ఇంటరెస్టింగ్’, ఆసక్తి కలిగిన పిల్ల ‘ఇంటరెస్టెడ్’.

ఐదవది. రెండు వస్తువులను పోల్చేటప్పుడు మనకు ‘కంటె’ అనే మాట ఒక్కటే చాలు. ‘కృష్ణ కంటె గోదావరి పొడుగు’ అంటాం. ‘పొడుగు’ అనే మాటలో ఏ మార్పూ లేదు. ఇంగ్లీషులో విశేషణమే రూపం మార్చుకోవాలి. “ది గోదావరి ఈజ్ లాంగర్ దేన్ ది కృష్ణ.” గోదావరి పొడవు సుమారు 1,465 కిలోమీటర్లు, కృష్ణ పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. దక్షిణాది నదులన్నిటితోనూ పోలిస్తే గోదావరి ‘ది లాంగెస్ట్’. లాంగ్, లాంగర్, లాంగెస్ట్ అన్నమాట. ‘బ్యూటిఫుల్’ వంటి పొడుగాటి మాటలకు మాత్రం ముందు ‘మోర్’, ‘మోస్ట్’ చేరుస్తారు. కాని రెండూ కలిపి ‘మోర్ లాంగర్’, ‘మోర్ బెటర్’ అనకూడదు. ఒక తలకు రెండు టోపీలు ఎందుకు?

ఇక ఆరవది, ఆఖరుది. కొన్ని విశేషణాలు పేరుకు ముందు నిలబడవు. ‘ది బేబీ ఈజ్ అస్లీప్’ అనవచ్చు గాని ‘అన్ అస్లీప్ బేబీ’ అనకూడదు. ‘ఎ స్లీపింగ్ బేబీ’ అనాలి. అఫ్రెయిడ్, అలోన్, అలైవ్, అవేక్ అనేవి కూడా ఇటువంటివే.

ఏది ముందు, ఏది వెనక?

పేరు ముందు రెండు మూడు విశేషణాలు వచ్చినప్పుడు ఏది ముందు వ్రాయాలి? తెలుగులో ‘పెద్ద ఎర్రని బంతి’ అన్నా, ‘ఎర్రని పెద్ద బంతి’ అన్నా ఎవరూ తప్పు పట్టరు. ఇంగ్లీషులో అట్లా కాదు. ‘ఎ బిగ్ రెడ్ బాల్’ అనే అనాలి.

దీనిని గురించి ఒక ముచ్చట ఉంది. ‘ది హాబిట్’ అనే కథ వ్రాసిన టోల్కీన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడు. ఆయనకు సుమారు ఏడేళ్ళ వయస్సులో డ్రాగన్‌ను గురించి ఒక కథ వ్రాసి తల్లికి చూపాడట. డ్రాగన్ అంటే నిప్పులు కక్కే పెద్ద పాము వంటి జంతువు. కథలో ఆయన ఆ డ్రాగన్‌ను ‘గ్రీన్ గ్రేట్’ అని వర్ణించాడు. తల్లి ఆ డ్రాగన్‌ను గురించి ఏమీ అనలేదు గాని, అట్లా అనకూడదు, ‘గ్రేట్ గ్రీన్’ అనాలి అని దిద్దింది. ఎందుకు అనకూడదో ఆ పిల్లవాడికి అర్థం కాలేదు. పెద్దవాడై, భాషలు క్షుణ్ణంగా చదివి, అందులోనే ఆచార్యుడు అయినాక కూడా తనకు అది అర్థం కాలేదని ఆయన 1955లో ఒక ఉత్తరంలో వ్రాశాడు. అంతటివాడికే బోధపడలేదంటే మనకు తడబాటు రావడంలో ఆశ్చర్యం లేదు. కారణం సంగతి ఎట్లా ఉన్నా, వరస మాత్రం నేర్చుకోవచ్చు.

మొదట మన అభిప్రాయం, తరవాత పరిమాణం, ఆ తరవాత వయస్సు, ఆకారం, రంగు, ఏ దేశానిదో, దేనితో చేసినదో. ఇదీ సాధారణంగా పాటించే వరస. మా అమ్మమ్మ వక్కల డబ్బాను నేను ఇట్లా వ్రాస్తాను: “ఎ స్మాల్ ఓల్డ్ రౌండ్ బ్రాస్ బాక్స్.” చిన్నది, పాతది, గుండ్రనిది, ఇత్తడిది. వస్తువుకు పుట్టుకతో వచ్చిన లక్షణం పేరుకు దగ్గరగా ఉంటుంది. మన అభిప్రాయం దూరంగా ఉంటుంది. ఇది గుర్తుంటే వరస చాలావరకు అదే వస్తుంది. అయితే వరస తెలిసింది గదా అని ఏడు విశేషణాలు ఒకేసారి గుచ్చకండి. రెండో మూడో చాలు.

ఏ మాట ఉంచాలి, ఏ మాట తీసెయ్యాలి?

‘కోల్డ్ ఐస్’, ‘రౌండ్ బాల్’ అని వ్రాశారనుకోండి. వేడి మంచుగడ్డ ఎక్కడైనా ఉన్నదా? మీరు ఆడుకునే బంతి నలుచదరంగా ఉంటుందా? ఆ విశేషణాలు దేనినీ వేరుపరచలేదు గనక తీసెయ్యవచ్చు.

‘నైస్’ అనే మాట సంగతి ఇంకా చిత్రం. అది లాటిన్‌లో ‘ఏమీ తెలియనివాడు’ అనే అర్థం గల మాట నుంచి పుట్టింది. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ‘నైస్’ అంటే తెలివితక్కువ అని అర్థం! ఎన్నో అర్థాలు మారి, చివరకు ‘బాగుంది’ అనే అర్థం దగ్గర నిలిచింది. 1817 చివర వెలువడిన ‘నార్తాంగర్ ఆబీ’ అనే నవలలో జేన్ ఆస్టెన్ ఈ మాట మీద ఒక వేళాకోళమే నడిపింది. కథలోని అమ్మాయి ఒక పుస్తకాన్ని ‘నైస్’ అంటే, కథానాయకుడు ప్రతిదానికీ ఆ మాటే వాడుతున్నారని ఆమెను ఆటపట్టిస్తాడు. రెండువందల ఏళ్ళు గడిచాయి. మన పిల్లల నోటుపుస్తకాలలో మామిడిపండూ నైసే, రైలు ప్రయాణమూ నైసే, మేనమామా నైసే!

ఒకసారి మా తొమ్మిదో తరగతి పిల్లలను ‘మై మదర్’ అని వ్యాసం వ్రాయమన్నాను. ఇంచుమించు అందరూ “మై మదర్ ఈజ్ ఎ వెరీ గుడ్ మదర్” అని మొదలుపెట్టారు. అన్ని ఇళ్ళలోనూ ఒకే అమ్మ ఉన్నట్టు తోచింది నాకు. ఒక అమ్మాయి మాత్రం ఇట్లా వ్రాసింది: “మై మదర్స్ హ్యాండ్స్ ఆర్ రఫ్, బట్ దే ఆర్ జెంటిల్ వెన్ షీ కోంబ్స్ మై హెయిర్.” మా అమ్మ చేతులు గరుకుగా ఉంటాయి, కాని నా తల దువ్వేటప్పుడు మెత్తగా ఉంటాయి అని. రఫ్, జెంటిల్ - రెండూ చిన్న మాటలే. రెండూ ఏ తరగతి పిల్లలకైనా తెలిసినవే. కాని అవి ఆ అమ్మాయి వాళ్ళ అమ్మకు మాత్రమే సరిపోయే మాటలు. ఆ పిల్ల నిఘంటువు చూసి వ్రాయలేదు, అమ్మను చూసి వ్రాసింది.

కాబట్టి విశేషణం వ్రాసే ముందు మీలో మీరు ఒక ప్రశ్న వేసుకోండి. “ఈ మాట ఇంకెవరికైనా, ఇంకే వస్తువుకైనా అతుకుతుందా?” అందరికీ అతికే మాట అయితే, దానిని కొట్టివేసి మళ్ళీ ఆ వస్తువుకేసి చూడండి. ఇంతకంటె గొప్ప సూత్రం నాకు తెలియదు.

అభ్యాసం

1. బస్సులో మీ గొడుగు మరచిపోయారు. డిపోలో అటువంటి గొడుగులు ఇరవై ఉన్నాయి. మీ గొడుగు ఏదో అక్కడివారు గుర్తుపట్టేటట్టు ఇంగ్లీషులో రెండు వాక్యాలు వ్రాయండి. ‘బ్లాక్ అంబ్రెల్లా’ అంటే లాభం లేదు, ఇరవైలో పద్ధెనిమిది నల్లవే.

2. ఈ మాటలను సరైన వరసలో పెట్టండి: బ్రాస్, స్మాల్, ఓల్డ్, లాంప్.

3. తప్పులు దిద్దండి: (అ) హౌ మెనీ వాటర్ డు యూ వాంట్? (ఆ) దిస్ మాంగోస్ ఆర్ స్వీట్ స్వీట్. (ఇ) మై సిస్టర్ ఈజ్ మోర్ టాలర్ దేన్ మై బ్రదర్. (ఈ) ఐ యామ్ ఇంటరెస్టింగ్ ఇన్ సైన్స్.

4. మీ స్నేహితుణ్ణి గురించి గాని, స్నేహితురాలిని గురించి గాని ఐదు వాక్యాలు వ్రాయండి. గుడ్, నైస్, బ్యూటిఫుల్, వెరీ అనే మాటలు ఎక్కడా రాకూడదు. ఒక్కటైనా సంఖ్యావాచక విశేషణం ఉండాలి. వ్రాశాక పేరు మూసివేసి తరగతిలో చదవండి. ఎవరిని గురించి వ్రాశారో మిగతావారు చెప్పగలిగితే మీరు గెలిచినట్టే.

జవాబులు. రెండవదానికి: ఎ స్మాల్ ఓల్డ్ బ్రాస్ లాంప్. మూడవదానికి: (అ) హౌ మచ్ వాటర్ డు యూ వాంట్? (ఆ) దీజ్ మాంగోస్ ఆర్ స్వీట్. (ఇ) మై సిస్టర్ ఈజ్ టాలర్ దేన్ మై బ్రదర్. (ఈ) ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్ సైన్స్. మొదటిదీ నాలుగవదీ మీ ఇష్టం.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు అన్నానికి కూర్చున్నప్పుడు “కూర ఎట్లా ఉంది?” అని అడగండి. “బాగుంది” అంటే ఒప్పుకోకండి. పులుపా, కారమా, కమ్మగా ఉందా, చప్పగా ఉందా, ముక్క ఉడికిందా, చెప్పమనండి. తెలుగులో సరైన మాట వెతుక్కోవడం అలవాటైన పిల్లకు ఇంగ్లీషులో వెతుక్కోవడం కష్టం కాదు. తెలుగులోనే ‘బాగుంది’తో సరిపెట్టుకునే పిల్ల ఇంగ్లీషులో ‘నైస్’ దగ్గర ఆగిపోతుంది.

ఆ అబ్బాయి ఏమయ్యాడని మీరు అడుగుతారు. ఆ ఏడు వాడు చదువు మాని ఒక కిరాణాకొట్టులో పొట్లాలు కట్టాడు. మరుసటి ఏడు నేను వ్రాసిన కొత్త ఉత్తరం జతచేసి, అదే వసతిగృహానికి మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి చీట్లు వెయ్యలేదు. వాడికి చోటు దొరికింది, చదువుకున్నాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. కాని వాడి చదువులో ఒక ఏడాది పోయింది. నేను పది నిమిషాలు కూర్చుని వాణ్ణి గురించి ఆలోచించి ఉంటే ఆ ఏడాది పోయేది కాదేమో. ఆ తరవాత నేను పదవీ విరమణ చేసేవరకు ఏ ఇద్దరు పిల్లలకూ ఒకే ఉత్తరం వ్రాయలేదు.

వచ్చే నెల క్రియలను గురించి చెప్పుకుందాం. అంతలో మీ గొడుగు ఎటువంటిదో బాగా చూసి పెట్టుకోండి!